ద్యూతంలో ఓటముల పరంపర: కామం నుంచి మన్యువు దాకా

మనుస్మృతి సప్తమాధ్యాయం రాజు విడిచిపెట్టవలసిన వ్యసనాలను పద్దెనిమిదింటిని పేర్కొని, వాటిని రెండు రాశులుగా విభజించింది. కామజాలు పది, క్రోధజాలు ఎనిమిది. అక్షక్రీడ, అంటే పాచికలాట, కామజాల సరసన ఉంది. సుఖేచ్ఛతో మొదలయ్యే వేట, మద్యపానం, పగటినిద్ర వంటివాటి పక్కన దానిని నిలపడం సహజంగానే తోస్తుంది. పందెం కాయడం ఎవడూ కోపంతో మొదలుపెట్టడు. అయితే సర్వస్వం ఓడి ద్వైతవనంలో కూర్చున్న ధర్మరాజు తన పతనహేతువును భీమసేనునికి విప్పి చెప్పినప్పుడు కామాన్ని ఒక్కదానినే చెప్పి ఊరుకోలేదు. మన్యువు అనే మాట కూడా పలికాడు. మన్యువంటే క్రోధం, లోలోపల రగిలే రోషం. కామజమని స్మృతి చెప్పిన వ్యసనంలో అనుభవజ్ఞుడు క్రోధాన్ని ఎందుకు చూశాడు? వరుసగా ఓడుతున్నవాడు లేచి వెళ్లలేకపోవడానికి కారణం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

భాగ్యనగరంలో ఈ ప్రశ్నకు పాత వేళ్లున్నాయి. ఏడవ నిజాము జ్యేష్ఠపుత్రుడు ఆజంజా అసలు పేరు హిమాయత్ అలీఖాన్. హిమాయత్‌నగర్ ఆయన పేరును మోస్తున్న పేట. అక్కడి నుంచి నడిచి పోదగినంత దూరంలో ఫతే మైదానం ఉంది. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు విడిది చేసిన స్థలమది. విజయానికి గుర్తుగా ఆ పేరు నిలిచింది. కాలక్రమంలో అదే లాల్ బహదూర్ స్టేడియమైంది. 1955 నవంబరులో న్యూజిలాండుపై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టుల్లో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడైనది అక్కడే. మూసీకి ఆవలి ఒడ్డున మలక్‌పేట ఉంది. 1868లో మౌలాలిలో మొదలైన గుర్రప్పందాలను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో తన మహలుకు దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్పించాడు. ఆటను చూసి ఆనందించే మైదానం ఒకటి, ఆటపై ధనం ఒడ్డే మైదానం మరొకటి. పందెగాడు నది దాటి వెళ్లవలసి ఉండేది, పందెపు దినం కోసం వేచి ఉండవలసి ఉండేది. ఆ ఎడం ఇప్పుడు చెరిగిపోయింది. హిమాయత్‌నగర్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానాల వారి మందిరంలో దర్శనానికి నిలుచున్న యువకుని జేబులో సైతం ద్యూతసభ తెరిచే ఉంటుంది.

ఆటగాళ్లపై ధనం ఒడ్డడం పాశ్చాత్యుల నుంచి వచ్చిన నూతన వ్యసనమని కొందరి భావన. ధర్మశాస్త్రకారులు దానికి ఎప్పుడో పేరు పెట్టారు. పాచికల వంటి ప్రాణంలేని వస్తువులతో ఆడేది ద్యూతం. ప్రాణుల పోటీపై పందెం ఒడ్డేది సమాహ్వయం. పొట్టేళ్లు, కోళ్లు, మల్లులు, గుర్రాలు ఈ రెండవ కోవలోకి వస్తాయి. నేటి క్రికెట్ బెట్టింగు శాస్త్రదృష్టితో చూస్తే స్వచ్ఛమైన సమాహ్వయం. తెలుగునేలపై సమాహ్వయం ఎంత దూరం పోగలదో పల్నాటి గాథ చూపింది. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ జరిగిన కోడిపోరులో ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని పందెం. మాచెర్ల పక్షం ఓడింది, వెళ్లింది. గడువు తీరాక రాజ్యం తిరిగి అడిగితే కారెంపూడిలో రణభూమి ఎదురైంది. కార్తీకంలో అక్కడ నేటికీ వీరుల ఉత్సవం జరుగుతుంది. కోడి కాలికి కట్టిన కత్తి చివరికి ఎవరి కంఠాలను తెగగోసిందో ఆ ఊరికి చెప్పవలసిన పని లేదు.

మనువు ద్యూత సమాహ్వయాలు రెండింటినీ పట్టపగటి దొంగతనమన్నాడు, రాజ్యంలో ఉండనీయవద్దన్నాడు. కౌటిల్యుడు అంత దూరం పోలేదు. నిషేధిస్తే చాటుకు పోతుందని ఆయనకు తెలుసు. ద్యూతాధ్యక్షుడు ఒకేచోట ఆడించాలి, పాచికలు అతడే సమకూర్చాలి, గెలిచిన ధనంలో నూటికి ఐదు వసూలు చేయాలి. ఈ రెండు ధోరణుల పెనుగులాటే హైదరాబాదు న్యాయచరిత్ర కూడా. ఫసలీ 1305లో, అంటే 1895-96 ప్రాంతంలో, నిజాము రాజ్యంలో జూద నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కిందనే 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. 1967లో ఆ కేసు సుప్రీంకోర్టులో ముగిసింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని న్యాయస్థానం నిర్ణయించింది. 1974లో పాత చట్టం స్థానంలో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దానిని సవరించి ఆన్‌లైన్ పందాలను నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని ఉన్న శాసనసభ 2025 మార్చిలో మళ్లీ ఈ విషయం చర్చించవలసి వచ్చింది. అప్పటికే బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేసిన పలువురు ప్రసిద్ధులపై నగరంలో కేసులు నమోదయ్యాయి. ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే నిషేధచట్టం చేసింది. మలక్‌పేటలో గుర్రప్పందెం మాత్రం నైపుణ్యమనే గొడుగు కింద చట్టబద్ధంగానే సాగుతున్నది.

నైపుణ్యమనే మాట న్యాయస్థానంలో ఎంత ఉపయోగపడిందో పందెగాని మనస్సులో అంతకు మించి అనర్థం చేసింది. అదృష్టాన్ని నమ్మినవాడు ఓడితే దైవాన్ని నిందించి లేస్తాడు. నైపుణ్యాన్ని నమ్మినవాడు ఓడితే తన బుద్ధికే అవమానం జరిగినట్లు భావిస్తాడు. పిచ్ తెలుసు, జట్టు తెలుసు, ఎవరి మోకాలికి గాయమైందో తెలుసు. ఇంత తెలిసినవాడు ఐదుసార్లు వరుసగా ఎలా ఓడుతాడు? ఆ ‘ఎలా’లో రోషం ఉంది.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. రెండు పక్షాలూ సమానబలం గల పోటీలో ఎటు 100 రూపాయలు ఒడ్డినా గెలిస్తే 190 చేతికి వస్తాయనుకుంటే, చెరోవైపు ఒక్కొక్కరు ఒడ్డినప్పుడు 200 వచ్చి 190 పోతాయి. మిగిలిన పది రూపాయలు ఆడించేవానివి. మొత్తంలో అది నూటికి ఐదు. కౌటిల్యుని లెక్కకు ఇది ఆధారభేదం ఉన్నా, సంఖ్య అదే కావడం ముచ్చటగా ఉంది. ప్రాచీనులు ఆడించేవానిని సభికుడన్నారు. సభికునికి ఓటముల పరంపర ఉండదు. సరిసమానమైన పందేలు ఏడు కాసినవారు 128 మంది ఉంటే వారిలో ఒకరు ఏడింటికి ఏడూ ఓడుతారని గణితం చెబుతుంది. దానికి గ్రహదోషం అక్కరలేదు, ఎవరి దిష్టీ అక్కరలేదు. ఎనిమిదవ పందెం ఆ ఏడింటినీ ఎరగదు. 1913 ఆగస్టులో మాంటీకార్లో జూదశాలలో చక్రంపై నల్లరంగు వరుసగా 26 మార్లు పడింది. ఇక ఎరుపు తప్పదని నమ్మినవారు అడుగడుగునా ధనం పెంచుతూ పోయి దివాలా తీశారు.

ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఒక్క గెలుపుతో అంతా తిరిగి వస్తుందని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కొత్తగా కనిపెడుతూ ఉంటారు. 100తో మొదలుపెట్టి ఏడుసార్లు ఓడినవాడు 12,700 పోగొట్టుకుంటాడు. ఎనిమిదవసారి 12,800 ఒడ్డాలి. పైన చెప్పిన వంతున గెలిస్తే వచ్చే లాభం 11,520. గెలిచిన తరువాత కూడా 1,180 రూపాయల నష్టమే మిగిలింది. పోయినదాన్ని రాబట్టుకోవడం అనే సంకల్పం అంకెల్లోనే ఇలా కూలిపోతుంది. అయినా పందెగాడు దానిని విడువడు. అంకెలు తెలియక కాదు.

సభాపర్వంలో ధర్మరాజు ఒడ్డిన వస్తువుల క్రమాన్ని గమనించాలి. మొదట మణిహారం. తరువాత సువర్ణం నిండిన పాత్రలు, రాజరథం, దాసీదాసజనం, ఏనుగులు, అశ్వాలు, నిధులు. నడుమ విదురుడు అడ్డుపడి ధృతరాష్ట్రునికి చెప్పవలసినంతా చెప్పాడు. ఆట ఆగలేదు. పశుసంపద, నగరం, భూమి పోయాయి. ఆపై నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, చివరికి ద్రౌపది. ఒక్క పందెం కూడా గెలవలేదు. శకుని ప్రతిసారీ అన్న మాట ఒక్కటే, గెలిచానని. నకుల సహదేవులు పోయాక మాత్రం అదనంగా ఒక ముల్లు గుచ్చాడు: మాద్రీసుతులను ఒడ్డావు, భీమార్జునులు నీకు ఎక్కువ ప్రియులు కాబోలు. పందెగాడు ఓడుతున్నప్పుడు అతనిని బల్లముందు కట్టివేసేది ఆశ ఒక్కటే అయితే శకునికి ఈ మాటతో పని లేదు. శకునికి మనస్తత్త్వం తెలుసు. రోషాన్ని తాకాడు.

ద్వైతవనంలో భీముడు అన్నగారిని కఠినంగా నిలదీసినప్పుడు ధర్మరాజు చేసిన ఒప్పుకోలు మహాభారతంలోని అత్యంత నిర్మొగమాటమైన వాక్యాలలో ఒకటి. దుర్యోధనుని రాజ్యం హరించాలనే కోరికతోనే తాను పాచికలు పట్టానన్నాడు. అది కామం. ఆపైన మరొక మాట అన్నాడు. సరిసంఖ్యయినా బేసిసంఖ్యయినా పాచికలు శకుని కోరినట్లే పడుతున్నాయని తాను చూస్తూనే ఉన్నాడట. అప్పుడు తనను తాను నిగ్రహించుకోగలిగేవాడేనట. కాని మన్యువు పురుషుని ధైర్యాన్ని హరిస్తుంది. ఇక్కడ ధైర్యమంటే సాహసం కాదు, బుద్ధి చలించకుండా నిలిచే ధృతి. మోసం కనబడలేదని ఆయన అనలేదు. క్షాత్రధర్మమని సాకు చెప్పి ముగించలేదు. చూశాను, ఆగగలను, ఆగలేదు. గీత ద్వితీయాధ్యాయంలో సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి సమ్మోహం, దాని నుంచి స్మృతివిభ్రమం, బుద్ధినాశం అని భగవానుడు చెప్పిన సోపానక్రమానికి ఇంతకన్నా స్పష్టమైన దృష్టాంతం దొరకదు. మనువు పాచికలను కామజాలలో చేర్చింది వాటి పుట్టుకను బట్టి. ధర్మరాజు మన్యువన్నది వాటి పట్టును బట్టి. మొదటి మెట్టు మీద ఉన్నవానికి ద్రవ్యం కావాలి. రెండవ మెట్టు మీద ఉన్నవానికి ద్రవ్యం కూడా అక్కరలేదు, ఓటమి రద్దు కావాలి. అందుకే రెండవవానికి లాభనష్టాల ఉపదేశం చెవికెక్కదు.

పోయినదంతా తిరిగి వస్తే విడిచిపెడతానని పందెగాడు తన భార్యకో తల్లికో మాట ఇస్తాడు. ఆ మాట విలువను అనుద్యూతం తేల్చింది. ద్రౌపది సభలో అడిగిన ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకున్నాక, అపశకునాలు చూసి భీతిల్లిన ధృతరాష్ట్రుడు వరాలిచ్చాడు. రాజ్యం సహా సమస్తం పాండవులకు తిరిగి వచ్చింది. లోకంలో ఏ ద్యూతకారునికీ కలగని భాగ్యమది. ఇంద్రప్రస్థం దారిలో ఉండగానే దూత మళ్లీ పిలుపు తెచ్చాడు. వినాశమని తెలిసే, పెద్దతండ్రి ఆజ్ఞ అంటూ, విధి అంటూ ధర్మరాజు వెనక్కి తిరిగాడు. ఒక్క పందెం. పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. నష్టం పూడిన మరుక్షణంలో కూడా కాలు జూదశాల వైపే నడిచిందంటే, పూడవలసింది నష్టం కాదన్నమాట.

అదే సభలో ఎక్కడ ఆగాలో తెలిసిన వ్యక్తి ఒక్కరే ఉన్నారు. ధృతరాష్ట్రుడు మూడవ వరం కూడా కోరుకొమ్మన్నాడు. ద్రౌపది వద్దన్నది. మొదటి వరంతో ధర్మరాజుకు దాస్యవిముక్తి, రెండవ వరంతో ఆయుధాలతో రథాలతో మిగిలిన నలుగురికి విముక్తి. లోభం ధర్మాన్ని నశింపజేస్తుంది కనుక మూడవది అక్కరలేదన్నది. ప్రవచనకారులు ఈ ఘట్టాన్ని సాధారణంగా ఆమె ఆత్మగౌరవానికి నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. కాని అంతకు కొద్దిసేపటి క్రితం వరకు అడుగడుగునా ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్న శబ్దమే ప్రతిధ్వనించిన సభలో, వచ్చేది ఉచితమైనా చాలునన్న మాట పందెపు వస్తువుగా మారిన స్త్రీ నోటి నుంచి రావడం యాదృచ్ఛికమనిపించదు.

ధర్మరాజుకన్నా దురదృష్టవంతుడు ఉన్నాడా అని అడిగితే బృహదశ్వ మహర్షి నలోపాఖ్యానం చెప్పాడు. నన్నయగారి అరణ్యపర్వం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఈ కథను పందెగాళ్లు తమకు అనుకూలంగా ఉదాహరించడం కద్దు. నలుడు అంతా ఓడినా చివరికి ఆడే గెలుచుకున్నాడు కదా అని వారి వాదం. ఉపాఖ్యానాన్ని సాంతం చదివితే ఈ వాదం నిలవదు. పుష్కరునితో ఆట నెలల తరబడి సాగింది. పౌరులు, మంత్రులు వాకిట నిలిచారు. దమయంతి వేడుకుంది. కలి ఆవేశించిన నలుడు పలుకలేదు. అన్నీ పోయాక, ఇక దమయంతి ఒక్కతె మిగిలింది, ఒడ్డుతావా అని పుష్కరుడు నవ్వాడు. నలుని హృదయం పగిలినట్లయింది. మారుమాట లేకుండా ఆభరణాలన్నీ తీసివేసి ఏకవస్త్రంతో వెళ్లిపోయాడు. ధర్మరాజు దాటిన గీతను ఆనాడు నలుడు దాటలేదు.

ఆపైన వచ్చే ఘట్టం ఓడినవానికి మరీ అవసరం. అడవిలో ఆకలితో ఉన్న నలునికి బంగారురెక్కల పక్షులు కనిపించాయి. నేటికి ఆహారం, పైగా ధనం అనుకుని కట్టుకున్న ఒక్క వస్త్రాన్నీ వాటిపై వలలా విసిరాడు. అవి వస్త్రంతో సహా ఎగిరిపోయాయి. తాము పాచికలమేనని, ఒంటిమీద బట్టతో వెళ్లాడని తృప్తిలేక వచ్చామని ఆకాశం నుంచి చెప్పాయి. జూదశాల విడిచి వచ్చిన తరువాత కూడా జూదం వెంటపడుతుంది. అది పాచికల రూపంలో రాదు, నష్టం పూడ్చుకునే చక్కని అవకాశం రూపంలో వస్తుంది. చేబదులు తీరిస్తే చాలు, అంతవరకే ఒక చిన్న పందెం అన్న ఆలోచన అలాంటి పక్షి.

నలుడు మళ్లీ పాచిక పట్టేవరకు జరిగినవి చాలా ఉన్నాయి. కర్కోటకుడు కాటువేశాడు. రూపం పోయింది. బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని వద్ద కొలువు చేశాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుడు ఒక విభీతక వృక్షం కొమ్మలను చూసి, వాటి ఆకులు, కాయలు ఎన్నో చెప్పాడు. కాయలు 2,095. విభీతకం అంటే త్రిఫలాలలో ఒకటైన తానికాయ చెట్టు. వేదకాలపు పాచికలు ఆ కాయలే. నలుడు నమ్మలేదు, రథం ఆపి లెక్కించాడు. లెక్క సరిపోయింది. అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయ విద్యను గ్రహించిన తక్షణం కలి విషం కక్కుతూ అతని శరీరం విడిచి, ఆ తానిచెట్టులోనే తలదాచుకున్నాడు. ఆడి గెలిచాక కలి పోలేదు. కలి పోయాకనే నలుడు ఆడాడు. పాచికలను దైవంగానో శత్రువుగానో కాక సంఖ్యగా చూడగలిగిన క్షణంలోనే ఆవేశం తొలగింది. తరువాత నిషధకు వెళ్లి పుష్కరునితో ఒకే ఒక్క పందెం. ఆ పందెంలో దమయంతిని కూడా ఒడ్డాడన్నది నేటి పాఠకుని మనస్సును కలచకమానదు. విద్య సిద్ధించినవానికి అది పందెం కాదని వ్యాఖ్యానించవచ్చు గాని, ఆ సమాధానం పూర్తి ఊరట ఇవ్వదు. గెలిచాక పుష్కరునికి ప్రాణభిక్ష పెట్టి, అతని భాగం అతనికిచ్చి పంపాడు. ఓడించినవానిపై రోషం అప్పటికి లేదు. ఆ మాటకొస్తే కౌటిల్యుడు ఈ వాదాన్ని ఎప్పుడో తోసిపుచ్చాడు. నేర్పరి గెలుస్తాడు కదా అన్న పూర్వాచార్యుని మాటకు, ఇద్దరిలో ఒకడు ఓడక తప్పదని నలయుధిష్ఠిరులనే సాక్ష్యంగా చూపాడు.

ఋగ్వేదం దశమమండలంలోని అక్షసూక్తం ఇంకా పాతది, ఇంకా నగ్నమైనది. అందులో రాజు లేడు, మాయావి మామ లేడు. ఒక మామూలు జూదరి ఉన్నాడు. అత్త ద్వేషిస్తుంది, భార్య దూరం పెడుతుంది. తల్లిదండ్రులు, సోదరులు ఇతడెవరో ఎరగమంటారు. అప్పుల భయంతో రాత్రివేళ ఇతరుల ఇళ్లకు పోతాడు. ఇక ఆడనని అతడు నిశ్చయించుకుంటాడు. మిత్రులు అతన్ని విడిచి జూదశాలకు పోతారు. పలకపై పడిన పాచికల చప్పుడు వినబడుతుంది. నిశ్చయం కరిగిపోతుంది. ఫోనులో మోగే చిన్న శబ్దానికీ ఈ చప్పుడుకూ భేదం లేదు. సంకల్పం బలహీనమని ఋషి అతన్ని తిట్టలేదు. శబ్దం వినబడేచోట ఉన్నాడని మాత్రం చూపాడు. సవితృదేవుని మాటగా చివరికి వచ్చేది వైరాగ్యోపదేశం కూడా కాదు. పాచికలు మాని పొలం దున్నుకో, పశువులు అక్కడున్నాయి, భార్య అక్కడున్నది అని. చేతులకు పని, కళ్లకు పంట, ఇంటికి తిరిగి వచ్చే దారి.

ఈ సూక్తానికి ద్రష్టగా అనుక్రమణి పేర్కొన్నవారిలో కవష ఐలూషుడొకడు. ఆయన కథ ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది. సరస్వతీతీరంలో సత్రయాగం చేస్తున్న ఋషులు అతన్ని దాసీపుత్రుడని, కితవుడని, అంటే జూదరి అని నిందించి, దాహంతో చావమని ఎడారికి వెళ్లగొట్టారు. అక్కడ అతనికి జలదేవతాసూక్తం దర్శనమైంది. సరస్వతి అతని చుట్టూ ప్రవహించింది. ఋషులు తామే వెళ్లి పిలుచుకు వచ్చారు. జూదరి అన్న ముద్ర పడినవానికి మంత్రద్రష్ట కావడానికి అడ్డులేదని శ్రుతి చెప్పినదాన్ని, బెట్టింగులో చితికిన బిడ్డను గడప తొక్కనీయని ఇళ్లవారు తెలుసుకోవడం మంచిది. వెళ్లగొట్టడం వల్ల కవషునికి మేలు జరగలేదు. అది ఋషుల తప్పని ఆ కథ అంగీకరించింది.

రహస్యం ఈ వ్యసనానికి ఊపిరి. తాను దగ్గరలో ఉండి ఉంటే పిలవకపోయినా వచ్చి ఆ ఆటను ఆపేవాడినని శ్రీకృష్ణుడు అరణ్యపర్వంలో అన్నాడు. సాల్వునితో యుద్ధంలో ఉండడం వల్ల ఆయనకు వార్త అందలేదు. ఓటముల పరంపరలో ఉన్నవాడు చేసే మొదటి పని ఆ వార్త ఎవరికీ అందకుండా చూడడం. మరొక ఖాతా, మరొక అబద్ధం, అప్పు యాప్‌లో మరొక సంతకం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ముప్పయ్యవ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. తండ్రి జూదపుటప్పు కొడుకు తీర్చనవసరం లేదని మనువు కూడా అన్నాడు. పందెం కోసం యాప్‌లో తెచ్చిన అప్పు మాత్రం మామూలు అప్పుగా మెడకు చుట్టుకుంటుంది, బెదిరింపులు ఇంటికి వస్తాయి. ఇంట్లో ఒక్కరికి పూర్తి మొత్తం చెప్పిన రోజునే ద్యూతకారుని సభ నుంచి ఒక స్తంభం ఊడుతుంది. బ్యాంకు ఖాతా, ఫోను కొంతకాలం వారి చేతిలో పెట్టడం అవమానం కాదు, తానిచెట్టు నీడ నుంచి జరగడం. ఆధునిక వైద్యం 2013 నుంచి దీనిని మద్యపానం వంటి వ్యసనాల సరసన చేర్చింది. బ్రతుకు మీద విరక్తి కలిగేంతవరకు వచ్చినవారికి 14416 సంఖ్యతో టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయవాణి తెలుగులో కూడా పలుకుతుంది. వైద్యుని వద్దకు పోవడం భక్తికి లోటు కాదు. ఋతుపర్ణుడు కూడా దేవుడు కాదు, లెక్క తెలిసిన మనిషి.

నలకథ ముగించి బృహదశ్వుడు ధర్మరాజుకు అక్షహృదయాన్ని ఉపదేశించాడు. మళ్లీ ఎవరైనా ఆటకు పిలుస్తారన్న భయం ఆయనలో మిగిలి ఉందని మహర్షి గ్రహించాడు. ఆ విద్యతో ధర్మరాజు హస్తినకు పోయి పోయిన రాజ్యాన్ని పాచికలతో రాబట్టుకోవచ్చు. ఆ ప్రయత్నమే చేయలేదు. విరాటుని కొలువులో కంకుడై, కూటికోసం ఆ రాజుకు పొద్దుపుచ్చే తోడుగా పాచికలు పట్టాడు. తిక్కనగారి విరాటపర్వంలో ఆ కొలువు చివరి రోజులు వస్తాయి. ఉత్తరుడు కౌరవసేనను గెలిచాడన్న వార్త విని విరాటుడు ఉప్పొంగి, సైరంధ్రిని పాచికలు తెమ్మన్నాడు. హర్షంతో ఉప్పొంగినవానితో జూదం తగదని కంకుడు వారించాడు. యుధిష్ఠిరుడనే రాజును చూచి ఉంటావో, విని ఉంటావో, సమృద్ధమైన రాజ్యాన్ని, దేవతల వంటి తమ్ములను జూదంలో పోగొట్టుకున్నాడని చెప్పాడు. తన పేరే, ఇంకెవరిదో అన్నట్లు. రాజు వినలేదు. ఆట మొదలైంది. బృహన్నల తోడుండగా గెలుపుకేం తక్కువని కంకుడు అన్నందుకు విరాటుడు మండిపడి పాచికలతో ముఖం మీద కొట్టాడు. ముక్కు నుంచి నెత్తురు వచ్చింది. కంకుడు చేతులు పట్టి అది నేలరాలకుండా ఆపుకున్నాడు. మారుమాట అనలేదు. పక్కకు చూశాడు. సైరంధ్రికి అర్థమైంది. నీళ్లున్న బంగారుపాత్ర తెచ్చి ఆ నెత్తుటి కింద పట్టింది.